పాత మోటర్‌హోమ్ పైకప్పు: రబ్బరా, ఫైబర్‌గ్లాసా, అల్యూమినియమా? కొనేముందు చూసే పద్ధతి

పాత మోటర్‌హోమ్ చూడబోయినవాళ్లు ఇంజిన్ స్టార్ట్ చేసి వింటారు, టైర్లు చూస్తారు, లోపల మంచమూ వంటగట్టూ చూసి ముచ్చటపడతారు. పైకప్పు మాత్రం కింద నిలబడితే కనిపించదు, అందుకని వదిలేస్తారు. తీరా కొన్నాక జేబు ఖాళీ చేసేది తరచుగా ఆ కప్పే. ఇంజిన్‌లో ఒక భాగం పాడైతే ఆ భాగం మారుస్తారు. కప్పు కురిసి, ఆ నీళ్లు రెండు మూడేళ్లు గోడల్లోకి దిగాయంటే లోపలి చెక్క పుచ్చిపోతుంది, గోడ పొరలు విడిపోతాయి, నేల కూడా మెత్తబడుతుంది. దాన్ని బాగుచేయడమంటే బండిని సగం విప్పి మళ్లీ కట్టుకోవడమే.

"ఏ రకం కప్పు మంచిది?" అని అందరూ అడుగుతారు. చెప్పుకుందాం. కానీ అంతకన్నా ముందు తేలాల్సింది, ఆ షీటు కింద చెక్క పొడిగా ఉందా లేదా అన్నది. షీటు నడిమధ్య నుంచి నీళ్లు దిగడం అరుదు. వెంట్లు (గాలి ఆడేందుకు కప్పులో పెట్టే కన్నాలు), ఏసీ, స్కైలైట్, యాంటెనా, పైపులు కప్పును తొలుచుకుని పైకి వచ్చే చోట్ల, బండి ముందు వెనక మూతలు కప్పుతో కలిసే అతుకుల దగ్గర, పక్క అంచుల వెంబడి కురుస్తుంది. ఏ రకం కప్పుకైనా ఈ చోట్లు తప్పవు. కింద చెక్క పొడిగా ఉన్న పదేళ్ల రబ్బరు కప్పు, చెక్క తడిసిన ఫైబర్‌గ్లాస్ కప్పుకన్నా ఎంతో నయం.

చేతిలో ఉండాల్సినవి

మంచి టార్చి, రెండు పిన్నులు గుచ్చి చెక్కలో తడి కొలిచే మాయిశ్చర్ మీటర్, స్టార్ స్క్రూడ్రైవర్‌తో పాటు చదరపు మొన ఉన్నదొకటి (చాలా మోటర్‌హోమ్‌లలో స్క్రూల తలలు చదరపు గుంటతో ఉంటాయి), ఒక నల్లటి గుడ్డ, సీసాలో నీళ్లు, మెత్తటి సోలు బూట్లు. వీటితో పాటు 60 సెంటీమీటర్ల వెడల్పు, 120 సెంటీమీటర్ల పొడవున్న ప్లైవుడ్ పలక, దాని అడుగున వేయడానికి పాత కార్పెట్ ముక్క. కప్పు మీద మోకాళ్లూనినా నిలబడినా బరువు ఒకచోట పడకుండా ఆ పలక పంచుతుంది.

వీలైతే వాన వెలిసిన మర్నాడు వెళ్లండి. కప్పు ఎక్కి చూస్తామని అమ్మేవాళ్లకు ముందే చెప్పండి. బండి వెనక కంపెనీ బిగించిన నిచ్చెన ఉంటే ఆ కప్పు సాధారణంగా మనిషి బరువు ఆపుతుంది. నిచ్చెన లేకపోతే పైకి ఎక్కకుండా, విడి నిచ్చెన పక్కన వేసుకుని నాలుగు వైపుల నుంచీ చూడండి. అసలు చూడనివ్వం అని వాళ్లంటే ఆ బేరం అక్కడితో వదిలేయడమే మంచిది.

మొదటి మెట్టు: అది ఏ కప్పో తేల్చుకోండి

అమ్మేవాళ్లలో చాలామంది వంగే షీటు దేన్నైనా "రబ్బరు కప్పు" అనే అంటారు. వాళ్లు అబద్ధం చెబుతున్నారని కాదు, వాళ్లకూ తెలియదు. కచ్చితంగా తేల్చే ఉపాయం ఒకటుంది. లోపలికి వెళ్లి సీలింగ్ వెంటు చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చట్రం విప్పండి. నాలుగు నుంచి ఎనిమిది స్క్రూలు ఉంటాయి. చట్రం దిగగానే కప్పు అడ్డకోత మొత్తం కళ్లముందుంటుంది: పైన షీటు, దాని కింద పలుచటి ప్లైవుడ్, ఆ కింద ఫోమ్, చెక్క లేదా అల్యూమినియం ఫ్రేము. షీటు అంచు పట్టి చూస్తే రకం తెలిసిపోతుంది, ప్లైవుడ్ అంచు చూస్తే దాని ఆరోగ్యమూ తెలిసిపోతుంది. నల్లబడి ఉందా, పొరలు విచ్చుకున్నాయా, గోటితో గీకితే పొడి రాలుతోందా? ఈ 5 నిమిషాల పని ఒక్కటే చేయగలిగినా చేయండి.

షీటు పైన తెలుపు, అడుగున నలుపు ఉండి, సైకిల్ ట్యూబులా సాగితే అది ఈపీడీఎం. అసలైన రబ్బరు అదే. సాధారణంగా 1 మిల్లీమీటరుకు కాస్త పైన మందం ఉంటుంది. అడుగు కూడా తెలుపో బూడిదరంగో ఉండి, లేదా ఉన్నిలాంటి నేత అంటుకుని ఉండి, వంచితే కాస్త బిర్రుగా అనిపిస్తే అది టీపీవో అనే ప్లాస్టిక్ జాతి షీటు. ఈమధ్య బండ్లలో పీవీసీ షీటు కూడా వస్తోంది. చూపుకు టీపీవోలాగే ఉంటుంది కాబట్టి ఆ సంవత్సరపు కంపెనీ కాగితాల్లో చూసి నిర్ధారించుకోండి. వేడితో అతికేటప్పుడు ఈ రెండూ ఒకదానితో ఒకటి కలవవు. ఏ రకమో తెలియకుండా ప్యాచ్ వేయడం వృథా.

గోటితో కొడితే టకటకమని గట్టిగా పలికి, కోత అంచున గాజు పోగులు కనిపిస్తే ఫైబర్‌గ్లాస్. లోహపు మోత వచ్చి, అయస్కాంతం అంటకపోతే అల్యూమినియం.

ఒక్కో రకం ఎలా ముసలిదవుతుంది

ఈపీడీఎం పై పూత ఎండకు కొద్దికొద్దిగా పొడిగా మారుతుంది. తడిపిన నల్లగుడ్డతో రుద్దితే సున్నం అంటినట్టు తెల్లగా అంటుకుంటుంది. వాన పడ్డప్పుడు ఆ పొడి పక్క గోడల మీద తెల్లచారలుగా కారుతుంది. అది చూసి భయపడక్కర్లేదు, ఆ షీటు అరిగే తీరే అంత. అయితే తెలుపు పోయి అడుగు నలుపు మచ్చలు మచ్చలుగా బయటపడితే పై పూత అయిపోయినట్టు. వెంటనే కోటింగ్ వేయాలి, లేకపోతే షీటు మార్చాలి. దీనికి అసలు శత్రువు నూనె. పెట్రోలియం కలిసిన క్లీనర్లు, నిమ్మజాతి నూనె ఉన్న క్లీనర్లు, గ్రీజు, ఇవి తగిలిన చోట రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, కింద జిగురు వదులుతుంది. చెట్టుకొమ్మ గీసుకుంటే చిరుగుతుంది కూడా. దీనిలో ఉన్న మంచి గుణం, మరమ్మతు తేలిక. శుభ్రం చేసి ప్రైమర్ (జిగురు పట్టేందుకు ముందుగా రాసే పూత) రాస్తే ప్యాచ్ చక్కగా పట్టుకుంటుంది. చిరుగుకు అన్ని వైపులా 5 సెంటీమీటర్లు దాటేలా ప్యాచ్ కోసి, మూలలు గుండ్రంగా కత్తిరిస్తే ఏళ్లపాటు నిలుస్తుంది.

టీపీవో ఎండను బాగా తట్టుకుంటుంది, సున్నంలా రాలడం తక్కువ, గీతలకు కాస్త ఓర్చుకుంటుంది. చిక్కల్లా అతుకుడు దగ్గరే. దాని నునుపు ఒంటికి చాలా జిగుర్లు సరిగా పట్టవు. అందుకే టీపీవో కప్పు మీద ఎవరో వేసిన ప్యాచ్ కనిపిస్తే దాని అంచును వేలితో నెమ్మదిగా లేపి చూడండి. లేస్తే అది ప్రైమర్ లేకుండా వేసినది. పై పొర అరిగి లోపలి రంగో నేతో కనిపిస్తే ఆ షీటు పని అయిపోయినట్టే. సరిగా చూసుకుంటే ఈ రెండు షీట్లూ 10 నుంచి 20 ఏళ్లు వస్తాయి. ఎండలో నిలబెట్టి వదిలేస్తే ఆ పదేళ్లు కూడా గ్యారంటీ లేదు.

ఫైబర్‌గ్లాస్ వీటన్నిటికన్నా ఎక్కువ కాలం ఉంటుంది. చాలా బండ్లలో ఒకే పలకగా వచ్చి, పక్కలకు వంపు తిరిగి గోడ మీదికి దిగుతుంది. అందువల్ల అతుకు కప్పు అంచున కాకుండా గోడ వైపున పడుతుంది. వాన నిలిచే చోట అతుకు లేకపోవడం పెద్ద లాభం. దీనిలో చూడాల్సినవి మూడు. పైనున్న నున్నటి పూత, అంటే జెల్‌కోట్, వెలిసి పొడిబారడం మొదటిది. అది రుద్ది, పాలిష్ పట్టి, మైనం రాస్తే తిరిగి వస్తుంది. రెండోది ఏసీ కన్నం మూలల దగ్గర, స్క్రూల చుట్టూ సాలెగూడులా సన్నని పగుళ్లు. వాటిలో వేలిగోరు దిగబడకపోతే పై పూతకే పరిమితం, దిగబడితే పలక దాకా వెళ్లింది. మూడోది అన్నిటికన్నా చెడ్డది: పలక కింది ప్లైవుడ్‌ను వదిలేయడం. అడుగు వేస్తే టప్‌మని లోపలికి పోయి, తీయగానే పైకి వస్తుంది. పగులును కోసి, గాజు నేత పరిచి రెజిన్‌తో పూడ్చవచ్చు. విడిపోయిన పలకను మళ్లీ చెక్కకు అతికించడం మాత్రం నిపుణులకే కష్టం.

అల్యూమినియం పాత బండ్లలో ఎక్కువ. ఎండకు చెడదు, చిరగదు. కానీ వేడికి సాగి చలికి ముడుచుకుంటుంది. 8 మీటర్ల పలక 50 డిగ్రీల సెల్సియస్ తేడాకు సుమారు 9 మిల్లీమీటర్లు పొడవు మారుతుంది. రోజూ ఆ కదలికంతా అతుకుల్లో నీళ్లు దూరకుండా పూసే సీలెంట్ మీదే పడుతుంది. గట్టిపడిన సీలెంట్ ఆ ఊగులాటకు తెగిపోతుంది. కాబట్టి ఒకే పలకగా ఉన్న అల్యూమినియం కప్పుకూ, అడ్డంగా ఐదారు అతుకులున్న కప్పుకూ చాలా తేడా ఉంది. ఎయిర్‌స్ట్రీమ్ అనే అమెరికా కంపెనీ బండ్ల తరహాలో రివెట్లు కొట్టిన బాడీల్లో ప్రతి రివెట్ వరసనూ అనుమానంగానే చూడాలి. వడగళ్ల సొట్టల్లో నీళ్లు నిలిచాయా, తెల్లటి పొడి పట్టిందా గమనించండి. కొన్నిసార్లు లోపలి తడిచెక్క ఆనుకుని ఉన్న చోట లోహం లోపలి నుంచే తినుకుపోయి సూదిబెజ్జాలు పడతాయి. పైనుంచి అవి సరిగా కనపడవు.

రెండో మెట్టు: కప్పు మీద

వెంట తెచ్చిన ప్లైవుడ్ పలక వేసుకుని, దాని మీదే మోకాళ్లతో కదలండి. అరచేతితో నొక్కుతూ వెళ్లండి. నొక్కాల్సిన వరస ఇది: ఏసీ చుట్టూ, ప్రతి వెంటు నాలుగు మూలలు, స్కైలైట్, యాంటెనా అడుగు, ముందు మూత అతుకు, వెనక మూత అతుకు, చివరగా నాలుగు మూలలు. గట్టిగా ఉన్న చోటికీ మెత్తగా ఉన్న చోటికీ తేడా చేతికి వెంటనే తెలుస్తుంది. ఫ్రేము కమ్మీల మధ్య కొంచెం దిగబడటం మామూలే. అన్ని ఖాళీల్లోనూ ఒకేలా దిగితే సరే, ఒక్కచోటే ఎక్కువ దిగితే అక్కడ చెక్క నానింది.

వంగే షీట్లలో బొబ్బలు కనిపిస్తాయి. చిన్నవి, అక్కడక్కడా ఉంటే గాలి చిక్కుకున్నదే. పెద్దవైతే, లేదా వాన పడ్డాక పెరుగుతాయని యజమాని నోట వస్తే, కింద ప్లైవుడ్ పొరలు విచ్చుకుంటున్నాయి. ముందు అంచు దగ్గర షీటు వదులైతే ఇంకో ప్రమాదం ఉంది. బండి వేగంగా వెళ్లేటప్పుడు పైన గాలి పీల్చుకుని షీటు మొత్తం బెలూనులా లేస్తుంది.

ఇప్పుడు సీలెంట్. కప్పు మీద వాడే లాప్ సీలెంట్ మందంగా, పాలిపోయి, కాస్త ముడతలుగా ఉంటుంది. దానిమీద మట్టి ఉన్నా ఫర్వాలేదు. అంచు లేచిందా, నడుమ పగిలిందా చూడండి. మెరిసే పారదర్శకమైన సిలికోన్ కనిపిస్తే అది పెద్ద తలనొప్పి. సిలికోన్ పాకిన చోట తర్వాత ఏదీ అతకదు. దాన్ని మొత్తం గీకి తీసేదాకా కొత్త సీలెంట్ వేయలేరు, రబ్బరు మీద నుంచి దాన్ని పూర్తిగా తీయడం దాదాపు అసాధ్యం.

మొత్తం కప్పంతా, స్క్రూలూ సీలెంటూ కలిపి, తాజాగా తెల్లటి కోటింగ్ పులిమి ఉంటే మురిసిపోకండి. అమ్మకానికి ముందు వేసిన కోటింగ్ కింద ఏముందో కంటికి కనిపించదు. ఏ కోటింగ్, ఎప్పుడు వేశారు, కింద ప్రైమర్ వేశారా అడగండి, డబ్బా ఫొటో అయినా చూపమనండి. అది సిలికోన్ కోటింగ్ అయితే దానిమీద మళ్లీ సిలికోన్ మాత్రమే నిలుస్తుంది.

మూడో మెట్టు: అంచు పట్టీ కింద స్క్రూలు

చాలామంది దీన్ని చూడరు, అందుకే నొక్కి చెప్పాల్సి వస్తోంది. కప్పు గోడతో కలిసే చోట పొడవునా అల్యూమినియం పట్టీ ఉంటుంది. దాని గాడిలో వినైల్ నాడా దూర్చి స్క్రూలు కప్పి ఉంటాయి. యజమాని అనుమతితో ఆ నాడాను ఒక చివర 30 సెంటీమీటర్ల మేర బయటికి లాగండి. స్క్రూలు మెరుస్తుంటే మంచిది. తల తుప్పు పట్టి గోధుమరంగు నీరు కారిన జాడ ఉంటే, ఒక స్క్రూ విప్పి చూడండి. మొన దాకా తుప్పు ఉండి, తిరిగి బిగిస్తే పట్టు దొరక్కుండా ఊరికే తిరుగుతుంటే, లోపలి చెక్క పోయింది. చూశాక నాడాను తిరిగి దూర్చేయండి. ముందు మూలల దగ్గర, వెనక మూలల దగ్గర, రెండు పక్కలా ఇలా చూడాలి.

కింద దిగాక గోడ వెంబడి చెంప ఆనించినంత దగ్గరగా, ఏటవాలుగా చూడండి. కప్పు మూల కింద గోడ ఉబ్బి కనిపిస్తే పైనుంచి దిగిన నీళ్లు గోడ పొరలను విడదీశాయి.

నాలుగో మెట్టు: లోపల

తలుపు తెరవగానే ముక్కవాసన వస్తోందా? సెంటు స్ప్రే ఘాటుగా కొడుతుంటే అదీ ఒక సమాధానమే. పై అరలన్నీ తెరిచి, వెనక మూలల్లో టార్చి వేయండి. నీళ్లు పడిన చోటే మరక కనిపిస్తుందని లేదు, కమ్మీ వెంట పాకి రెండు మూడు మీటర్ల అవతల దిగవచ్చు.

మాయిశ్చర్ మీటర్‌ను అరల లోపల, కంటికి కనపడని మూలల్లో గుచ్చండి. చెక్కలో 15 శాతం లోపు ఉంటే పొడి. 15 నుంచి 20 మధ్య అనుమానం. 20 దాటితే నీళ్లు ఎక్కడినుంచో వస్తున్నాయి. 28, 30 దగ్గర చెక్క చురుగ్గా కుళ్లుతోంది. అంకెకన్నా పోలిక ముఖ్యం. ముందు పొడిగా ఉందని తెలిసిన ఒక చోట కొలిచి, మిగతావి దానితో పోల్చండి. పిన్నులు లేని మీటరును కప్పు పైన పెట్టి చూడొద్దు. ఈపీడీఎంలో ఉండే కార్బన్ బ్లాక్ వల్ల, అల్యూమినియం వల్ల అది అంతా తడి అనే చూపిస్తుంది.

ఏసీ చుట్టూ మరక ఉంటే తొందరపడి కప్పును తిట్టకండి. ఏసీ నడిచేటప్పుడు మాత్రమే చుక్కలు పడితే, ఏసీ ట్రేలో నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోయి ఉంటాయి. వానకు పడితే ఏసీకీ కప్పుకూ మధ్య ఉండే రబ్బరు ఫోమ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. లోపలి నుంచి నాలుగు బోల్టులు బిగిస్తే ఆ గ్యాస్కెట్ సగం మందానికి నొక్కుకోవాలి. వదులైతే కురుస్తుంది, మరీ బిగిస్తే అణిగిపోయి అదీ కురుస్తుంది.

బండి ధర పెద్దదైతే ఒత్తిడి పరీక్ష చేయించండి. వెంటు కన్నంలో ఫ్యాను బిగించి లోపలికి గాలి నింపుతారు, బయట అతుకుల మీద సబ్బునీళ్లు చల్లుతారు. కన్నమున్న చోట బుడగలు వస్తాయి.

ఐదో మెట్టు: నిర్ణయం

మెత్తటి చోట్లు ఒకటికి మించి ఉంటే, లేదా ముందు మూల మెత్తబడి దానికింద గోడ కూడా ఉబ్బితే, అది ఏ రకం కప్పైనా వదిలేయండి. "రబ్బరు మారిస్తే చాలు" అనే మాట నమ్మకండి. రబ్బరు మార్చడమంటే ఏసీ, వెంట్లు, స్కైలైట్, అంచు పట్టీలు అన్నీ దించాలి, పుచ్చిన చెక్క తీయాలి, తీసేకొద్దీ అది ఎంత దూరం పాకిందో బయటపడుతుంది. ఒకే వెంటు పక్కన అరచేతి మేర మెత్తగా ఉండి మిగతా అంతా పొడిగా ఉంటే, ఆ మరమ్మతు ఖర్చు ధరలో తగ్గించి తీసుకోవచ్చు.

చెక్క పొడిగా ఉందని తేలాకే రకం గురించి ఆలోచించండి. చూసిన బండ్లన్నీ పొడిగా ఉంటే ఒకే పలకగా ఉన్న ఫైబర్‌గ్లాస్‌కే మొదటి ఓటు. దాని తర్వాత పదేళ్ల లోపు టీపీవో. అల్యూమినియం, అతుకులు తక్కువ ఉంటే మంచి కొనుగోలే, కాకపోతే వానచప్పుడు ఎక్కువ. ఈపీడీఎం, ఎప్పుడెప్పుడు కడిగారో, సీలెంట్ ఎప్పుడు వేశారో యజమాని దగ్గర రాతపూర్వకంగా ఉంటే నిస్సందేహంగా తీసుకోండి. 12 ఏళ్లు దాటి ఏ రికార్డూ లేకపోతే కొత్త కప్పు ఖర్చును లెక్కలో వేసుకునే బేరమాడండి. బండిని చెట్ల కింద నిలపాల్సి వస్తే మాత్రం గట్టి కప్పు వైపు ఇంకాస్త మొగ్గండి.

సోలార్ ప్యానెళ్లు పెట్టే ఆలోచన ఉంటే ఇంకో సంగతి. ఫైబర్‌గ్లాస్, అల్యూమినియం మీద సికాఫ్లెక్స్ 252 లాంటి బలమైన జిగురుతో బ్రాకెట్లు అతికించవచ్చు. రబ్బరు, టీపీవో మీద అలా కుదరదు. బ్రాకెట్ షీటుకు ఎంత గట్టిగా అతుక్కున్నా, ఆ షీటు కింది చెక్కను పట్టుకున్న బలమే అసలు బలం. వాటి మీద స్క్రూలు కమ్మీల్లోకి దిగాల్సిందే, ప్రతి స్క్రూనూ సీల్ చేయాల్సిందే.

కొన్న వెంటనే

పాత యజమాని సీలెంట్ బాగుందన్నా సరే, మొదటి పొడి రోజున మీరే మళ్లీ వేసుకోండి. 25 మిల్లీమీటర్ల వెడల్పు, 4 మిల్లీమీటర్ల మందం లెక్కన 300 మిల్లీలీటర్ల ట్యూబు 3 మీటర్లకు వస్తుంది. ఉదాహరణకు మూడు వెంట్లకు ఐదున్నర మీటర్లు, స్కైలైట్‌కు రెండున్నర, ముందు వెనక మూతల అతుకులకు కలిపి దాదాపు 5, పైపులకూ యాంటెనాకూ 2. మొత్తం 15 మీటర్లు, అంటే 5 ట్యూబులు. 7 కొనుక్కోండి. అడ్డంగా ఉన్న చోట్లకు దానంతట అదే సర్దుకునే రకం, నిలువు చోట్లకు జారని రకం కావాలి. ట్యూబు మీద మీ కప్పు రకం పేరు ఉందో లేదో చూడండి, టీపీవోకు ఇది మరీ ముఖ్యం.

పాత లాప్ సీలెంట్ గట్టిగా పట్టుకుని ఉంటే పీకొద్దు. లేచిన ముక్కలు మాత్రం ప్లాస్టిక్ గరిటెతో తీయండి, ఇనుప బ్లేడు రబ్బరును కోస్తుంది. తక్కువ ఘాటు పాత్రల సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరాక, కొత్తది పాతదాని మీదుగా రెండు వైపులా షీటును తాకేలా పోయండి. స్క్రూల తలలన్నీ మునగాలి. పై పొర కొన్ని గంటల్లో ఆరుతుంది, లోపల గట్టిపడటానికి వారాలు పడుతుంది. ఏదైనా వెంటు మార్చాల్సి వస్తే దాని అంచు కింద ముందు బ్యూటైల్ టేపు (జిగట రబ్బరు పట్టీ), పైన సీలెంట్. నీళ్లను అసలు ఆపేది ఆ టేపే, సీలెంట్ దానికి కాపలా.

ప్రతి అతుకుకూ ఆ రోజే ఫొటో తీసి పెట్టుకోండి. ఆరు నెలలకోసారి ఎక్కి, అదే చోట మళ్లీ ఫొటో తీసి పక్కపక్కన పెడితే, వెంట్రుకవాసి పగులు కూడా అది పెరగకముందే కంటికి దొరుకుతుంది.